చదివే కన్ను

మానవుడు తన అవసరాల కోసం ఎన్నో పనిముట్లను సృష్టించుకున్నాడు. అవసరం తీరిన తరువాత వాటిలో కొన్నింటిని పక్కన పెట్టాడు. ఒకప్పుడు ప్రతి ఇంటి వసారాలో కనిపించిన తిరగలి నేడు కనిపించదు. రోలు పెరటి మూలకు చేరింది. కిరసనాయిలు లాంతరు అటక ఎక్కింది. ఇందుకు మనం పెద్దగా చింతించవలసిన పని లేదు. తిరగలి పోయినా పిండి దొరుకుతూనే ఉంది. లాంతరు పోయినా వెలుగు మిగిలే ఉంది. అయితే అన్ని పనిముట్ల విషయం ఇంత సులభం కాదు. చదవడానికి ఉపయోగపడే పనిముట్టు ఇల్లు విడిచి వెళితే అది ఒంటరిగా వెళ్లదు. దానితో మాత్రమే చదవగలిగిన అక్షరాలను, పాటలను, చిత్రాలను కూడా తన వెంట తీసుకొనిపోతుంది.

గత రెండు దశాబ్దాలలో కంప్యూటరులోని ఒక చిన్న భాగానికి ఇటువంటి స్థితి ఏర్పడింది. ఆ భాగం పేరు ఆప్టికల్ డ్రైవు. సీడీలను, డీవీడీలను చదివే అర అది. పక్కనున్న మీట నొక్కగానే నాలుకలా బయటికి వచ్చి, డిస్కును అందుకొని లోపలికి వెళ్లే ఆ పళ్లేన్ని ఒక తరం విద్యార్థులు ఆశ్చర్యంతో చూశారు. తరువాతి తరంలో అది ఉన్న ల్యాప్‌టాప్‌ను చూడని విద్యార్థులు ఎందరో ఉన్నారు. ల్యాప్‌టాప్‌లు సన్నబడుతున్న కొద్దీ తయారీదారులు ఆ అరను తొలగిస్తూ వచ్చారు. ఈ తొలగింపు సబబేనా? యంత్రం సన్నబడినందువల్ల కలిగిన లాభమెంత? దానికి మనం చెల్లించిన మూల్యమెంత? ఈ ప్రశ్నలు కేవలం కంప్యూటరు నిపుణులకు సంబంధించినవి కావు. జ్ఞాపకాలను, జ్ఞానాన్ని దాచుకోదలచిన ప్రతి ఒక్కరికీ సంబంధించినవి.

వీటిని ఆలోచించడానికి హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న తుర్కపల్లి తగిన చోటు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువును దాటి కరీంనగర్ వైపు సాగిపోయేవారికి ఈ ఊరు తగులుతుంది. 1999లో ఇక్కడ ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు ఏర్పడింది. అదే నేటి ఐకేపీ నాలెడ్జ్ పార్కు. ఆ పరిసరాలలోనే జీనోమ్ వ్యాలీ పేరుతో టీకాల తయారీ సంస్థలు, పరిశోధనశాలలు విస్తరించాయి. 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకాను రూపొందించిన భారత్ బయోటెక్ సంస్థ ఇక్కడిదే. ఈ దారిలోనే శామీర్‌పేట వద్ద నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, దానికి సమీపంలో జవహర్‌నగర్ వద్ద బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణం ఉన్నాయి. విజ్ఞానం, న్యాయం, సాంకేతికత అనే మూడు విద్యలు ఒకే ప్రాంతంలో ఇరుగుపొరుగుగా నివసిస్తున్నాయన్నమాట.

ఈ సంస్థల వయస్సుకు, కంప్యూటరు చరిత్రకు ఒక చిత్రమైన పోలిక ఉంది. నల్సార్ 1998లో స్థాపితమైంది. ఆపిల్ సంస్థ తన ఐమాక్ కంప్యూటరులో ఫ్లాపీ డ్రైవును తొలగించింది కూడా ఆ సంవత్సరమే. బిట్స్ హైదరాబాదు ప్రాంగణం 2008లో ప్రారంభమైంది. అదే సంవత్సరం జనవరిలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులో నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్ అనే ల్యాప్‌టాప్‌ను తీసి ప్రపంచానికి చూపాడు. అందులో సీడీ డ్రైవు లేదు. ఈ విధంగా ఒక పదేళ్ల వ్యవధిలో రెండు తరాల డిస్కులకు వీడ్కోలు మొదలైంది. ఒక విద్యాసంస్థ తన తొలి విద్యార్థులకు పట్టాలిచ్చి, వారు తమ వృత్తులలో స్థిరపడేలోగా వారు వాడిన డిస్కు పాతబడిపోతున్నదని దీనివల్ల గ్రహించవచ్చు. మనిషి జీవితం కన్నా, సంస్థ జీవితం కన్నా, జ్ఞానాన్ని దాచే సాధనం జీవితం చాలా చిన్నది.

ఇక్కడ డిస్కు స్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో జపాను మార్కెట్టులోకి వచ్చింది. దాని వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. పాలీకార్బొనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్కుతో దానిని తయారుచేస్తారు. దాని మీద అద్దంలా మెరిసే పలుచని లోహపు పూత ఉంటుంది. సమాచారం అతి సూక్ష్మమైన గుంటల రూపంలో, డిస్కు కేంద్రం నుంచి అంచు వైపు చుట్టలు చుట్టుకుంటూ సాగే ఒకే ఒక గీతపై అమరి ఉంటుంది. ఆ గీతలో ఒక చుట్టుకు, దాని పక్క చుట్టుకు మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు మాత్రమే. అంటే ఒక తలవెంట్రుక మందంలో సుమారు నలభై చుట్లు ఇముడుతాయి. ఆ గీతను విప్పి నేల మీద పరచగలిగితే దాని పొడవు సుమారు అయిదు కిలోమీటర్లు ఉంటుంది.

ఇంత సూక్ష్మమైన రాతను మన కన్ను చదవలేదు. అందుకు లేజరు కిరణం కావాలి. డ్రైవులోని మోటారు డిస్కును వేగంగా తిప్పుతుంది. కింది నుంచి ఒక చిన్న కటకం లేజరు కిరణాన్ని గీతపై కేంద్రీకరిస్తుంది. సమతలం మీద పడిన కాంతి బలంగా తిరిగివస్తుంది. గుంట మీద పడిన కాంతి బలహీనంగా తిరిగివస్తుంది. ఈ హెచ్చుతగ్గులను పసిగట్టి కంప్యూటరు వాటిని ఒకట్లుగా, సున్నాలుగా, చివరకు పాటగా, పాఠంగా మారుస్తుంది. సీడీని చదవడానికి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజరును వాడుతారు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని లేజరును, బ్లూ-రే డిస్కుకు 405 నానోమీటర్ల ఊదానీలి లేజరును వాడుతారు. తరంగం చిన్నదైన కొద్దీ గుంటలను ఇంకా చిన్నవిగా చేసి, ఇంకా దగ్గరగా అమర్చవచ్చు. అందువల్లనే సీడీలో 700 మెగాబైట్లు పడితే, అదే పరిమాణం గల ఒకే పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు, ఒకే పొర బ్లూ-రేలో 25 గిగాబైట్లు పడతాయి. డిస్కు ఒక గ్రంథమైతే, లేజరు దానిని చదివే కన్ను. కన్ను లేని గ్రంథం మెరిసే ప్లాస్టిక్ బిళ్ల మాత్రమే.

మరి ఇంత ఉపయోగకరమైన కన్నును తయారీదారులు ఎందుకు తొలగించారు? వారి వాదనలో బలం లేకపోలేదు. ల్యాప్‌టాప్‌లలో వాడిన డ్రైవుల మందం సాధారణంగా 12.7 మిల్లీమీటర్లు, తరువాత వచ్చిన సన్నని రకాలలో 9.5 మిల్లీమీటర్లు. డిస్కు వ్యాసమే 12 సెంటీమీటర్లు కనుక డ్రైవు పొడవు వెడల్పులను అంతకన్నా తగ్గించడానికి వీలులేదు. మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ మొత్తం మందం, అది కూడా అత్యధికంగా ఉన్నచోట, 19.4 మిల్లీమీటర్లు. అందులో తెర, మీటల పలక, బ్యాటరీ, మూలఫలకం అన్నీ ఇమడాలి. వాటితోపాటు డ్రైవును కూడా ఇమడ్చాలంటే ఏదో ఒకటి తగ్గాలి లేదా యంత్రం మందం పెరగాలి. పైగా డ్రైవులో తిరిగే మోటారు, కదిలే కటకం ఉంటాయి. కదిలే భాగాలు విద్యుత్తును ఎక్కువగా వాడుకుంటాయి, చప్పుడు చేస్తాయి, ధూళికి, కుదుపులకు త్వరగా చెడిపోతాయి. నెలకొకసారి అవసరమయ్యే వస్తువు బరువును ప్రతిరోజూ భుజాన మోయడం అవివేకమని, ఆ చోటును బ్యాటరీకి ఇస్తే ప్రతిరోజూ ప్రయోజనం కలుగుతుందని తయారీదారులు వాదించారు.

అయితే ఆనాడు అందరూ ఈ మాటను అంగీకరించలేదు. అదే 2008లో లెనోవో సంస్థ థింక్‌ప్యాడ్ ఎక్స్300 అనే ల్యాప్‌టాప్‌ను విడుదల చేసింది. అది కూడా సన్ననిదే, తేలికైనదే. కాని అందులో 7 మిల్లీమీటర్ల మందం గల డీవీడీ డ్రైవును అమర్చారు. సన్నదనానికి డ్రైవును బలి ఇవ్వడం అనివార్యం కాదని ఆ యంత్రం నిరూపించింది. ఆ తరువాత కాలం మాత్రం తొలగింపు వైపే మొగ్గింది. 2011లో ఇంటెల్ సంస్థ అల్ట్రాబుక్ అనే పేరుతో సన్నని ల్యాప్‌టాప్‌లను ప్రోత్సహించింది. 2012లో వచ్చిన రెటీనా తెర గల మ్యాక్‌బుక్ ప్రోలో డ్రైవు లేదు. డ్రైవు ఉన్న చివరి మ్యాక్‌బుక్ ప్రో అమ్మకాన్ని ఆపిల్ 2016లో నిలిపివేసింది. నేడు సన్నని ల్యాప్‌టాప్ కొనేవారు అందులో డ్రైవు ఉంటుందని ఆశించడం లేదు. అవసరమైనవారు యూఎస్‌బీ తీగతో తగిలించుకొనే విడి డ్రైవును కొనుక్కుంటున్నారు.

2008లో ఈ మార్పు తెలుగునాట ఎలా కనిపించి ఉంటుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. డిస్కుకు బదులు అంతర్జాలం ఉన్నదని తయారీదారులు చెప్పారు. అప్పటికి మన దేశంలో అమలులో ఉన్న 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే దానిని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చు. ఆ వేగంతో ఒక సీడీలోని 700 మెగాబైట్ల సమాచారాన్ని దించుకోవడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. ఒక డీవీడీలోని 4.7 గిగాబైట్లకు సుమారు నలభై ఒక్క గంటలు, అంటే విద్యుత్తు పోకుండా, లైను తెగకుండా ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు దాకా కాచుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగం గల నేటి కనెక్షనుతో అదే పని ఆరు నిమిషాలలో పూర్తవుతుంది. అందుచేత ఒకే నిర్ణయం ఒకే రోజున ప్రపంచమంతటా సమంజసం కాదు. వేగవంతమైన అంతర్జాలం గల నగరంలో 2008లో సబబుగా తోచిన తొలగింపు, తుర్కపల్లి వంటి చోట ఆనాటికి తొందరపాటు. నేటికి అది సబబు కావచ్చు. సాంకేతిక నిర్ణయాన్ని తూచేటప్పుడు యంత్రాన్ని మాత్రమే కాక, యంత్రం చుట్టూ ఉన్న ఊరిని కూడా చూడాలి.

డిస్కు ఆ రోజులలో మన జీవితంలోకి ఎంత లోతుగా చొచ్చుకొనిపోయిందో గుర్తుచేసుకోవడం అవసరం. 2005లో కేంద్ర సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ తెలుగు ఫాంట్లను, తెలుగులో పనిచేసే సాఫ్ట్‌వేరును ఒక సీడీలో పొందుపరచి ఉచితంగా పంపిణీ చేసింది. తెలుగు అక్షరం ఎన్నో ఇళ్ల కంప్యూటర్లలోకి ఆ విధంగా డిస్కు మీద ప్రయాణించి చేరింది. మోసర్ బేర్ అనే భారతీయ సంస్థ 2007 ప్రాంతంలో సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. ఆ ధరతో సినిమా కిరాణా దుకాణంలో సబ్బుల పక్కన అమ్ముడుపోయే సరుకైంది. పెళ్లి వీడియోలు, పాఠశాల వార్షికోత్సవాలు, ఊరి జాతరలు, హరికథలు, తాతగారి గొంతు, ఇవన్నీ సీడీలలోకి చేరాయి. కాలం మారి డిస్కులకు గిరాకీ తగ్గింది. ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద డిస్కు తయారీ సంస్థలలో ఒకటిగా నిలిచిన మోసర్ బేర్ 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది. కర్మాగారం మూతపడినంత మాత్రాన అది తయారుచేసిన డిస్కులు మన బీరువాలలో నుంచి మాయం కాలేదు. అవి అక్కడే ఉన్నాయి. వాటిని చదివే కన్నులే తగ్గిపోయాయి.

దీనివల్ల కలిగే చిక్కు ఊహామాత్రం కాదు. తలకో వెన్నెముకకో స్కానింగు చేయించుకున్న రోగికి ఫిల్ములతోపాటు సీడీ ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. నేటికీ ఆ విధంగా ఇచ్చే కేంద్రాలున్నాయి. ఫిల్ము మీద కొన్ని చిత్రాలే ఉంటాయి. సీడీలో మొత్తం పరీక్ష ఉంటుంది. పల్లె నుంచి బస్సు ఎక్కి నగరంలోని పెద్ద వైద్యునికి చూపించడానికి రోగి ఆ సీడీని సంచిలో భద్రంగా తెచ్చుకుంటాడు. వైద్యుని బల్ల మీద సన్నని ల్యాప్‌టాప్ ఉంటుంది. దానికి డ్రైవు ఉండదు. అప్పుడు రోగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి లేదా సగం సమాచారంతోనే వైద్యుడు నిర్ణయం తీసుకోవాలి. యంత్రం కొన్ని మిల్లీమీటర్లు సన్నబడినందుకు మూల్యం చెల్లించినవాడు యంత్రాన్ని కొన్నవాడు కాదు, దానిని ఎన్నడూ తాకని రోగి. ఏరు దాటినవాడు తెప్ప తగలేసినట్లు అని మనకొక సామెత ఉంది. దాటినవాడికి తెప్పతో పని ఉండకపోవచ్చు. కాని అవతలి ఒడ్డున ఇంకా నిలబడి ఉన్నవారి మాటేమిటి?

న్యాయస్థానాలలోనూ డిస్కులున్నాయి. 2014లో పి.వి. అన్వర్ కేసులో సుప్రీంకోర్టు ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని గురించి ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆ కేసులో సాక్ష్యంగా ముందుకు వచ్చినవి సీడీలే. చట్టం కోరిన ధ్రువపత్రం జతచేయనందున వాటిని న్యాయస్థానం అంగీకరించలేదు. వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగే దేశంలో సాక్ష్యపు డిస్కును చదవగలిగే సాధనం కూడా అన్నేళ్లు నిలవాలి. ఔషధ పరిశోధనలో సైతం ఇదే నియమం కనిపిస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఎలక్ట్రానిక్ రికార్డులపై నిబంధనలను ప్రకటించింది. రికార్డును దాచి ఉంచవలసిన కాలమంతటా దానిని కచ్చితంగా, వెంటనే వెలికితీయగలిగేలా కాపాడాలని అవి నిర్దేశిస్తున్నాయి. ఆ దేశానికి మందులు పంపదలచిన సంస్థలు ఆ నియమాన్ని పాటించాలి. ఇందులో గమనించవలసిన మాట ‘వెలికితీయగలిగేలా’ అన్నది. దాచామని చెప్పడం చాలదు. అడిగిన రోజున చదివి చూపగలగాలి.

అంతమాత్రాన డిస్కును శాశ్వతమైన భాండాగారమని పొగడడం కూడా సత్యం కాదు. కర్మాగారంలో అచ్చువేసిన సీడీకి, మనం ఇంట్లో రాసుకున్న సీడీకి భేదం ఉంది. అచ్చు సీడీలో నిజమైన గుంటలుంటాయి. రాసుకొనే సీడీలో గుంటలకు బదులు ఒక రంగు పొర ఉంటుంది. లేజరు దానిని మచ్చలు మచ్చలుగా మార్చి సమాచారాన్ని రాస్తుంది. ఎండకు, వేడికి, తేమకు ఆ రంగు క్రమంగా వెలిసిపోతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, కిటికీ పక్కన అలమరాలో పెట్టిన డిస్కు ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. డ్రైవు ఉన్నా కొన్ని డిస్కులు నేడు చదవబడడం లేదు. అందువల్ల ల్యాప్‌టాప్‌లో డ్రైవు ఉంచితే చాలు, జ్ఞాపకాలన్నీ భద్రమని భావించడం పొరపాటు.

అంతేకాదు, కంటికి అందినదంతా అర్థం కావాలన్న నియమం లేదు. తెలుగు ప్రచురణ రంగం ఇందుకు మంచి ఉదాహరణ. 1990లలో, 2000లలో ఎన్నో తెలుగు పుస్తకాలను డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరుతో, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో కూర్చారు. పని పూర్తయిన తరువాత ఆ ఫైళ్లను సీడీలలో దాచడం పరిపాటి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ఆకారాలను అమర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు చేరింది. అయినప్పటికీ ప్రచురణ రంగం చాలాకాలం పాత పద్ధతిలోనే సాగింది. కనుక అటువంటి సీడీని చదవాలంటే డ్రైవు ఒక్కటే చాలదు. సాఫ్ట్‌వేరు కావాలి, ఫాంటు కావాలి, ఆ విధానం తెలిసిన మనిషి కావాలి. చదవడం అనేది ఒక్క మెట్టు కాదు, మెట్ల వరస. ఏ ఒక్క మెట్టు విరిగినా పైకి చేరలేం.

ఈ సత్యం మన జాతికి కొత్తది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో రాతి అరలో భద్రపరచారు. శతాబ్దాలు గడిచాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో ఆ రేకులు పండితుల దృష్టికి వచ్చాయి. రాగి చెడలేదు. అక్షరం చెరగలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల కృషితో వేలాది సంకీర్తనలు వెలుగుచూశాయి. కాని ఒక లోటు మిగిలింది. రేకుల మీద రాగం పేరు ఉంది గాని స్వరరచన లేదు. అన్నమయ్య ఏ వరుసలో పాడాడో తెలిపే మార్గం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. ఇంతకన్నా మన్నికైన ‘డిస్కు’ను ఎవరు ఊహించగలరు? అయినా పాటలో ఒక సగమే మనకు చేరింది. వస్తువును కాపాడడం వేరు, దానిని చదివే శక్తిని కాపాడడం వేరు. రెండవది పరంపరగా చేతులు మారుతూ రావాలి. ఎక్కడ తెగినా మళ్లీ అతికించడం కష్టం.

మరి అన్నింటినీ అంతర్జాలంలో దాచితే సమస్య తీరుతుందా? ఈ ప్రశ్నకు కూడా మన అనుభవమే సమాధానం చెబుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే ప్రణాళికకు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నాయకత్వం వహించారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపొందింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకున్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు, మళ్లీ అచ్చుకాని అరుదైన గ్రంథాలతో సహా, పుటపుటా చిత్రాలుగా మారి అందరికీ అందాయి. కాని 2010ల చివరినాటికి ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయింది. అదృష్టవశాత్తు ఆ పుస్తకాలలో చాలావాటి ప్రతులు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరొక భాండాగారంలో చేరి ఉన్నాయి. నేడు మనం వాటిని చదవగలుగుతున్నామంటే అందుకు కారణం రెండవ ప్రతి. ఒక్క చోటునే నమ్ముకుంటే, అది డిస్కైనా సర్వరైనా, ఏదో ఒకనాడు మోసపోతాం.

డిస్కుకున్న కొన్ని సుగుణాలను కూడా ఈ సందర్భంలో మరవరాదు. డబ్బు చెల్లించి కొన్న డిస్కు మనదే. మిత్రునికి ఇవ్వవచ్చు, గ్రంథాలయానికి దానం చేయవచ్చు. నెలనెలా చందా కట్టి చూసే సినిమా, వినే పాట మనవి కావు. చందా ఆగిన రోజున అవి కూడా ఆగిపోతాయి. ఒక్కసారి మాత్రమే రాయగల సీడీలో రాసిన దానిని ఆ తరువాత ఎవరూ మార్చలేరు. కంప్యూటరు వైరసు హార్డ్‌డిస్కులోని ఫైళ్లను పాడుచేయవచ్చు గాని, బీరువాలో ఉన్న డిస్కు జోలికి పోలేదు. దూరంగా, విడిగా, మార్పులేకుండా ఉండడమే దాని బలం. కాని ఈ పరిశ్రమ నానాటికీ కుంచించుకుపోతున్నది. ఫ్లాపీ అమ్మకాలను 2011లో ఆపిన సోనీ సంస్థ, రాసుకొనే బ్లూ-రే డిస్కుల ఉత్పత్తిని 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. డ్రైవులు సులభంగా దొరికే కాలం ఇంకెంతో లేదని గ్రహించడం మంచిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. సన్నని ల్యాప్‌టాప్‌లలో డ్రైవును తొలగించడం సబబేనా? వ్యక్తి చేతిలో ఉండే యంత్రం వరకు చూస్తే సబబే. ప్రతిరోజూ మోసే సంచిలో అరుదుగా వాడే వస్తువు ఉండనవసరం లేదు. అయితే వ్యక్తి యంత్రం నుంచి తొలగిపోయిన శక్తి సమాజం నుంచి తొలగిపోకూడదు. పూర్వం ప్రతి ఇంటికీ బావి ఉండేది కాదు. కాని ఊరికొక బావి తప్పక ఉండేది. దానిని పూడిక తీసి, గిలకకు నూనె వేసి, చేంతాడు మార్చి కాపాడుకొనే బాధ్యతను ఊరంతా పంచుకొనేది. డిస్కును చదివే కన్ను విషయంలో కూడా అదే పద్ధతి మేలు. ప్రతి ల్యాప్‌టాప్‌లో డ్రైవు అక్కరలేదు. ప్రతి కళాశాల గ్రంథాలయంలో, ప్రతి ఆసుపత్రిలో, ప్రతి న్యాయస్థానంలో, ప్రతి పరిశోధనశాలలో పనిచేసే డ్రైవు ఒకటైనా ఉండాలి. అది పనిచేస్తున్నదా లేదా అని పరీక్షించే మనిషి ఒకరుండాలి.

తయారీదారులు డ్రైవును తొలగించారు. మనం చేయవలసిన పని మాత్రం మిగిలే ఉంది. ఇంటి బీరువాలో ఉన్న డిస్కులను ఒకనాడు బయటికి తీయాలి. విడి డ్రైవు ఒకదాన్ని ఎరువు తెచ్చుకొని, చదవబడుతున్నంతలోనే వాటిలోని పాటలను, చిత్రాలను, రాతలను హార్డ్‌డిస్కులోకి ఎక్కించాలి. ఒక ప్రతిని ఇంట్లో, మరొక ప్రతిని ఇంటికి దూరంగా ఉంచాలి. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చాలి. ఫైలుకు అర్థవంతమైన పేరు పెట్టి, చిత్రంలో ఉన్నవారెవరో, పాడినవారెవరో, అది ఏ సంవత్సరమో రాయాలి. పేరు రాయని చిత్రం చదవగలిగినా చదవలేనిదే. తాతగారి గొంతును గుర్తుపట్టగలిగిన అమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని జరగాలి. డ్రైవు రేపు దొరకవచ్చు. అమ్మమ్మ జ్ఞాపకం ఏ దుకాణంలోనూ దొరకదు.

తుర్కపల్లి పరిశోధనశాలలలో నేడు రాస్తున్న ఫలితాలను ముప్పై ఏళ్ల తరువాత ఎవరో ఒకరు చదవవలసి రావచ్చు. అప్పటికి నేటి ల్యాప్‌టాప్ ఏ రూపంలో ఉంటుందో, పెన్‌డ్రైవును తగిలించే రంధ్రమైనా మిగులుతుందో లేదో చెప్పలేం. సాధనాలు వస్తాయి, పోతాయి. వాటి రాకపోకలను ఆపడం మన చేతిలో లేదు. ప్రతి సాధనం వెళ్లిపోయే ముందు అది చదివిన దానిని తరువాతి సాధనానికి అప్పగించడం మాత్రం మన చేతిలోనే ఉంది. యంత్రం సన్నబడవచ్చు గాని జాతి జ్ఞాపకం సన్నబడకూడదు.